సొరంగం గడపలో ఊరు

వెల్లింగ్టన్ ఒకప్పటి రైల్వే ఊరు. అమెరికా వాయవ్య మూలన వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ నగరానికి తూర్పుగా సుమారు 80 మైళ్ల దూరాన, కాస్కేడ్ కొండల్లోని స్టీవెన్స్ పాస్ అనే కనుమకు పడమటి వాలులో ఉండేది. 1893లో పుట్టింది, 1929లో ఖాళీ అయింది. ఆ ముప్ఫై ఆరేళ్లలో చివరి పంతొమ్మిదేళ్లూ వేరే పేరుతో బతికింది. పేరు మార్చుకోవలసి రావడానికి కారణం 1910 మార్చి 1 తెల్లవారుజామున కొండ మీది నుంచి జారిన మంచు చరియ. దాని కింద 96 మంది ప్రాణాలు పోయాయి. ఒక్క మంచు చరియ ఇంతమందిని బలిగొనడం అమెరికా చరిత్రలో అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

ఆ కొండల్లోకి రైలును తెచ్చినవాడు జేమ్స్ జె. హిల్. మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నుంచి పసిఫిక్ తీరం దాకా గ్రేట్ నార్తర్న్ రైల్వే లైను వేయించిన వ్యాపారి ఆయన. తీరం చేరాలంటే ముందు రాకీ పర్వతాలు దాటాలి, తర్వాత కాస్కేడ్ కొండలు దాటాలి. రెండుచోట్లా దారి వెదికిపెట్టింది జాన్ ఎఫ్. స్టీవెన్స్ అనే ఇంజనీరు. తర్వాతి కాలంలో పనామా కాలువకు చీఫ్ ఇంజనీరుగా పనిచేసిందీ ఈయనే. 1889 డిసెంబరులో రాకీల్లోని మరియాస్ కనుమను, ఆ మరుసటి ఏడు కాస్కేడ్‌లలోని ఈ కనుమను స్టీవెన్స్ ఖాయం చేశాడు. సర్వేలో ఆయనకు సాయంగా ఉన్న హాస్కెల్ అనే ఆయన కనుమ నెత్తిన ఒక దేవదారు చెట్టు బెరడు చెక్కి, దాని మీద 'స్టీవెన్స్ పాస్' అని రాశాడు. ఆ పేరే నిలిచింది.

కనుమ ఎత్తు సముద్రమట్టానికి 4,061 అడుగులు. దాని కిందుగా సొరంగం తవ్వితేనే రైలు సుఖంగా నడుస్తుందని మొదటే తెలుసు. కానీ సొరంగానికి ఏళ్లు పడతాయి, సొమ్మూ కావాలి. హిల్‌కు ముందు సియాటిల్ చేరడం ముఖ్యం. అందుకని కొండ మీదుగానే జిగ్‌జాగ్ పట్టాలు వేయించి, 1893 జనవరిలో లైను పూర్తిచేయించాడు. రైలు కొంతదూరం ముందుకు ఎక్కి ఆగుతుంది. పాయింట్లు మారుస్తారు. ఈసారి వెనక్కి నడుస్తూ ఇంకొంత ఎక్కుతుంది. మళ్లీ ఆగుతుంది, మళ్లీ ముందుకు. డార్జిలింగ్ బొమ్మరైలు ఎక్కినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. అయితే డార్జిలింగ్‌లో ఎక్కేది చిన్న గేజి రైలు. ఇక్కడ ఎక్కవలసింది ఒక ఖండాన్ని దాటివచ్చే పూర్తి స్థాయి ప్యాసింజరు, గూడ్సు రైళ్లు. అలాంటి మలుపులు మొత్తం ఎనిమిది. కొన్నిచోట్ల నూరడుగులకు నాలుగడుగుల చొప్పున ఎక్కుడు. ముందొక ఇంజను లాగుతుంటే వెనక బ్యాంకర్ ఇంజను తోసేది. ఈ మలుపుల పడమటి మొదట్లో ఇంజన్లు నిలపడానికి, నీళ్లు, బొగ్గు పట్టడానికి, సిబ్బంది నడుం వాల్చడానికి ఒక చోటు కావాలి కదా. ఆ చోటే వెల్లింగ్టన్.

జిగ్‌జాగ్ లైను ఏడేళ్లు నడిచింది. 1897లో మొదలైన సొరంగం 1900 డిసెంబరులో తెరుచుకుంది. పొడవు 2.63 మైళ్లు, అంటే నాలుగు కిలోమీటర్లకు కొంచెం పైన. దాని పడమటి మూతి సరిగ్గా వెల్లింగ్టన్ అంచున తేలింది. తూర్పు మూతి దగ్గర మరో చిన్న స్టేషను వెలిసింది, దాని పేరు కాస్కేడ్ టన్నెల్. ఎక్కడో ఒక మజిలీగా ఉన్న వెల్లింగ్టన్‌కు అప్పటినుంచి సొరంగం గడపలోని ఊరుగా స్థిరమైన పని దొరికింది.

సొరంగం ఒక కష్టం తీర్చి, దాని చోట ఇంకోదాన్ని పెట్టింది. ఆవిరి ఇంజన్లు బరువైన రైలును ఎగువకు లాగుతూ కక్కే పొగ పోవడానికి నాలుగు కిలోమీటర్ల మేర ఒక్క దారీ లేదు. డ్రైవర్లు, ఫైర్‌మన్లు తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని పనిచేయాల్సివచ్చేది. 1903లో ఒక ప్యాసింజరు రైలు సొరంగం నడిమధ్య ఆగిపోయింది. విషవాయువుకు ఇంజను సిబ్బంది, బోగీల్లోని ప్రయాణికులు ఒక్కొక్కరే స్పృహ తప్పారు. ప్రయాణికుల్లో రైల్వే ఫైర్‌మన్ ఒకడు ఉండటం వాళ్ల అదృష్టం. అతను ఎలాగో ఇంజను దాకా వెళ్లి బ్రేకులు వదిలాడు. పల్లం ఉండటంతో రైలు దానంతటది వెనక్కి దొర్లి సొరంగం బయటికి వచ్చింది. వందమందికి పైగా బతికి బయటపడ్డారు.

దీనికి విరుగుడు కరెంటు. లెవెన్‌వర్త్ అనే ఊరి దగ్గర వెనాచీ నది మీద జలవిద్యుత్ కేంద్రం కట్టి, 1909 జూలై నుంచి సొరంగంలో ఎలక్ట్రిక్ ఇంజన్లు నడిపారు. అది త్రీ-ఫేజ్ విధానం. పట్టాల పైన ఒక తీగ కాకుండా రెండు తీగలు, మూడో ఫేజుకు పట్టాలే ఆధారం. ఉత్తర అమెరికాలో రైళ్లకు ఈ విధానం వాడింది ఇక్కడొక్కచోటే. తూర్పు నుంచి వచ్చిన రైలును ఆవిరి ఇంజనుతో సహా ఎలక్ట్రిక్ ఇంజన్లు సొరంగం దాటించి వెల్లింగ్టన్‌లో వదిలేవి. ఎదురు రైలును అక్కడినుంచి అందుకునేవి. దాంతో ఊరికి పని పెరిగింది, మనుషులూ పెరిగారు.

ఊరంటే మన కళ్ల ముందు మెదిలే ఊరు కాదది. కొండవాలును చెక్కి తీసిన సన్నటి అరుగు మీద పట్టాలు, పట్టాల పక్కన కట్టడాలు. పైన నిటారుగా విండీ మౌంటెన్, కింద టై అనే చిన్న నది పారే లోయ. స్టేషను, ఇంజన్ల షెడ్డు, బొగ్గు ఎక్కించే కట్టడం, నీళ్ల ట్యాంకు, కూలీల బసలు, ఒక హోటలు. బెయిలెట్స్ అనే ఆ హోటల్లోనే బస, భోజనం, కిరాణా, తపాలా. బయటి ప్రపంచంతో సంబంధమంటే రెండు పట్టాలు, ఒక టెలిగ్రాఫు తీగ. కనుమ మీదుగా మోటారు రోడ్డు 1925 దాకా రానేలేదు. కాబట్టి రైలు ఆగితే ఊరు దీవి అయిపోయేది.

ఊరి ఎత్తు సుమారు 3,100 అడుగులు. మన అరకు లోయ ఎత్తుకన్నా ఇది పెద్ద ఎక్కువేమీ కాదు. కానీ ఈ కొండలున్నది ఉత్తరాన 47 డిగ్రీల అక్షాంశం మీద. పసిఫిక్ మీంచి వచ్చే తేమగాలి కాస్కేడ్‌లను ఎక్కబోయి చల్లబడి, చలికాలమంతా మంచై కురుస్తుంది. కనుమ దగ్గర ఏటా కురిసే మంచంతా కలిపితే ముప్ఫై అడుగులు దాటుతుంది. సముద్రపు తేమతో పడే మంచు కనుక అది బరువైన మంచు.

వాలు మీద పడ్డ మంచు ఒకే ముద్ద కాదు. ఒక్కో తుఫానుకు ఒక్కో పొర చొప్పున పేరుకుంటుంది. పాతపొర గట్టిపడి నున్నబడ్డాక దాని మీద కొత్త పొర పడితే, ఆ రెంటి మధ్య పట్టు తక్కువ. వాలులో దట్టంగా చెట్లుంటే అవే మేకుల్లా మంచును పట్టి ఉంచుతాయి. వెల్లింగ్టన్ పైనున్న వాలులో ఆ చెట్లు లేకుండా పోయాయి. కార్చిచ్చులు కొండను కాల్చేశాయి, మోళ్లే మిగిలాయి. ఆ దారిన బొగ్గు ఇంజన్ల నిప్పురవ్వలు ఎండాకాలంలో అడవికి అంటుకోవడం మామూలే. ఊరిని బతికించే ఇంజన్లే ఊరికి కాపుగా ఉన్న అడవిని హరించాయన్నది ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధపెట్టే సంగతి. ఆనాటి అధికారులు ఆ వాలును నమ్మారు. ఎప్పుడూ ఆ చోట చరియ విరిగిపడ్డ దాఖలా లేదన్నది వాళ్ల ధీమా. అడవి ఉన్ననాటి కొండ వేరు, అడవి పోయిన కొండ వేరు అన్న లెక్క వాళ్లకు తట్టలేదు.

మంచు నుంచి లైనును కాపాడేవి రోటరీలనే యంత్రాలు. రోటరీ ముందుభాగాన పెద్ద చక్రం, చక్రానికి రెక్కలు. లోపలి ఆవిరి ఇంజను ఆ చక్రాన్ని తిప్పుతుంటే మంచు కోసుకుపోయి పక్కకు ఎగిరిపడుతుంది. రోటరీ తనంతట తాను నడవలేదు, వెనకనుంచి ఇంజన్లు తోయాలి. ఆకాశం నుంచి పడ్డ మంచునైతే అది సులువుగా తోడేస్తుంది. కొండమీంచి జారిపడ్డ చరియ సంగతి వేరు. అందులో మోళ్లు, బండలు కలిసి ఉంటాయి. చెట్టు మొద్దు తగిలితే రెక్కలు విరుగుతాయి. అందుకే ముందు కూలీలు పారలతో, రంపాలతో దిగి, మొద్దులు కోసి తీసేస్తేగానీ యంత్రం కదలదు. ఎంత ఇంజనీరింగు ఉన్నా ఆఖరికి ఆ లైను పార పట్టిన మనిషి భుజాల మీదే నడిచేది. వాళ్లలో చాలామంది యూరప్ నుంచి వలస వచ్చిన పేదలు. గంటకు 15 సెంట్లు కూలి.

1910 ఫిబ్రవరి మూడో వారం దాటాక తుఫాను పట్టుకుంది. స్పోకేన్ నగరం నుంచి సియాటిల్ వెళ్లే 25వ నంబరు ప్యాసింజరు రైలు, దాని వెనకే వచ్చిన 27వ నంబరు మెయిలు రైలు తూర్పు వైపు కాస్కేడ్ టన్నెల్ స్టేషనులో చిక్కుకున్నాయి. అక్కడ కొంతకాలం నిలిపి, 24న సొరంగం దాటించి వెల్లింగ్టన్ తెచ్చి, స్టేషను పక్కనున్న లూప్ లైన్లలో పెట్టారు. ముందుకు పోవడానికి దారి లేదు. దిగువన పట్టాల మీద చరియల మీద చరియలు. అలా ఆ రెండు రైళ్లూ కొండవాలు కింద, లోయ అంచున నిలిచిపోయాయి.

25న ఒక కబురు వచ్చింది. తూర్పు స్టేషనులో వంటపాక మీద చరియ విరిగిపడి ఇద్దరు చనిపోయారు. రైళ్లు అక్కడ ఆగినప్పుడు ప్రయాణికులు తిన్నది ఆ పాకలోనే, వండిపెట్టింది అందులోని మనుషులే. ఆ కబురుతో ప్రయాణికుల గుండెలు జారిపోయాయి. తమ బోగీ కిటికీలోంచి తల పైకెత్తితే కనిపించేది తెల్లటి వాలు ఒక్కటే. మంచు తెరిపి లేకుండా కురుస్తోంది. ఒక్కోసారి గంటకు అడుగు చొప్పున పడేది. అన్నిటికన్నా ఘోరంగా పడ్డ రోజున పదకొండు అడుగులు పేరుకుంది. రైల్లో భోజనాల బోగీ లేదు. పూట పూటకూ మంచులో తవ్విన దారి వెంట హోటలుకు నడిచి వెళ్లి తిని రావాలి.

ఆ డివిజను సూపరింటెండెంటు జేమ్స్ ఓనీల్. ఆఫీసులో కూర్చుని ఆజ్ఞలు పంపే రకం కాదు. రోటరీల వెంటే ఉండి రాత్రింబవళ్లు మంచులో పనిచేయించాడు. అయినా ఒక్కొక్కటే చేతుల్లోంచి జారిపోయాయి. శుభ్రం చేసిన చోటే మళ్లీ చరియలు పడి, రోటరీలు ముందుకూ వెనక్కూ రాలేక మధ్యలో చిక్కుకున్నాయి. బొగ్గు నిండుకుంది. టెలిగ్రాఫు తీగలు తెగిపోయాయి. పార పనివాళ్లు గంటకు 50 సెంట్లు ఇస్తేనే చేస్తామన్నారు. ఓనీల్ ఒప్పుకోలేదు. వాళ్లలో చాలామంది పని మానేసి మంచులో నడుచుకుంటూ దిగిపోయారు. రోజుల తరబడి ప్రాణాలకు తెగించి పనిచేస్తున్న మనిషి అడిగిన ఆ కూలి, లైను మూతబడి కంపెనీ రోజూ పోగొట్టుకుంటున్నదాని ముందు ఏపాటిది?

రైళ్లను తిరిగి సొరంగంలోకి తోయండని ప్రయాణికులు మొరపెట్టుకున్నారు. అధికారులు వద్దన్నారు. వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. ఇంజను పొగ, హీటర్ల పొగ సొరంగంలో నిలిచి ఊపిరాడదు. సొరంగం మూతి మంచుతో పూడుకుపోతే అందులోనే చిక్కడిపోతారు. హోటలు దూరమైపోతుంది. పైగా రైళ్లను కదల్చడానికి తగినంత బొగ్గు కూడా లేదు. ఇన్ని కారణాలు చెప్పినవాళ్లు దుర్మార్గులేమీ కాదు. వాళ్లలో చాలామంది అవే రైళ్లలో పడుకున్నారు, ఆ రాత్రి చనిపోయినవారిలో ఎక్కువమంది రైల్వే మనుషులే.

27, 28 తేదీల్లో కొంతమంది తెగించారు. చిన్నచిన్న గుంపులుగా పట్టాల వెంట నడిచి, విండీ పాయింట్ అనే చోటినుంచి నిటారు మంచువాలు మీద కూర్చుని జారుతూ, లోయలోని సీనిక్ అనే స్టేషను చేరుకున్నారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు ఆ సాహసం చేయలేక రైల్లోనే ఉండిపోయారు. ఓనీల్ కూడా, తీగ పనిచేసే చోటినుంచి సాయం కోసం కబురు పంపాలని, కాలినడకన సీనిక్ దిగాడు. అలా ఆయన బతికాడు. లూప్ లైనులో ఉన్న ఆయన సొంత బోగీ మాత్రం మిగలలేదు.

28 రాత్రి గాలి వేడెక్కింది. మంచు కురవడం ఆగి వాన పట్టుకుంది. ఉరుములు, మెరుపులు. వాన పడితే మంచు కరిగి దారి తెరుచుకుంటుందని మామూలు మనిషికి ఆశ పుడుతుంది. కానీ పేరుకున్న మంచు వాననీటిని పీల్చుకుని మరింత బరువెక్కుతుంది, ఆ నీరు పొరల మధ్యకు దిగి ఉన్న పట్టు కూడా వదిలిస్తుంది. అర్ధరాత్రి దాటి ఒకటిన్నర ప్రాంతంలో విండీ మౌంటెన్ వాలు మీది మంచు పలక తెగింది. దాని మందం సుమారు పదడుగులు, పొడవు అర మైలు, వెడల్పు పావు మైలు. ప్యాసింజరు రైలు, మెయిలు రైలు, ఆవిరి ఇంజన్లు, ఎలక్ట్రిక్ ఇంజన్లు, ఒక రోటరీ, నీళ్ల ట్యాంకు అన్నిటినీ ఊడ్చుకుంటూ నూటయాభై అడుగుల కిందనున్న టై నది లోయలోకి విసిరేసింది. కొద్ది దూరంలో ఉన్న హోటలుకు ఏమీ కాలేదు. అందులో పడుకున్నవాళ్లు లేచి, వానలో లాంతర్లు పట్టుకుని లోయలోకి దిగారు.

ఇరవైముగ్గురు ప్రాణాలతో దొరికారు. ఏడేళ్ల పిల్లవాడొకడి నుదుట్లో పొడవాటి చెక్క గుచ్చుకుని ఉంది. డాక్టరు లేడు. ఒక టెలిగ్రాఫు ఉద్యోగి గడ్డం గీసుకునే కత్తితో దాన్ని కోసి తీశాడు. ఆ పిల్లవాడు బతికాడు. వాడి తల్లిని మంచు కింద ఒక మొద్దు అదిమిపట్టింది, ఆమె ఒళ్లోని పసిబిడ్డ ఆమె కిందే నలిగి ప్రాణం విడిచాడు. దాదాపు పదకొండు గంటల తర్వాత ఆమెను తవ్వి తీశారు. ప్రాణంతో బయటికి వచ్చినవారిలో ఆమే చివరి మనిషి. చనిపోయిన 96 మందిలో ప్రయాణికులు 35, రైళ్లలో పడుకున్న రైల్వే ఉద్యోగులు, కూలీలు 58, స్టేషనులో ఉన్నవాళ్లు ముగ్గురు. మృతదేహాలను దుప్పట్లలో చుట్టి, మంచుబళ్లకు కట్టి, తాళ్లతో కొండ దించారు. పట్టాలను మూడు వారాల్లో బాగుచేసి రైళ్లు వదిలారు. కానీ చివరి దేహం దొరికింది జూలై నెలాఖరున, మంచు పూర్తిగా కరిగాక. కూలీల్లో కొందరు ఎవరో, ఏ ఊరివాళ్లో చెప్పగలవారే లేకపోయారు.

విచారణ జరిగింది. ప్రమాదం మనిషి చేతిలో లేనిదని శవపంచాయతీ జ్యూరీ తేల్చింది. రైళ్లను క్షేమమైన చోట ఉంచలేదనీ, వాటిని కదపడానికి సరిపడా బొగ్గు లేకపోయిందనీ కూడా చెప్పింది. నష్టపరిహారం కోరుతూ వేసిన దావాలో కింది కోర్టు కంపెనీని తప్పుపట్టినా, 1914లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, ఇది దైవఘటన అని తీర్పిచ్చింది. మంచు కురవడం దైవఘటనే. వాలు మీద చెట్లు లేకపోవడం, కూలీలు దిగిపోవడం, బొగ్గు నిండుకోవడం కూడా ఆ మాటలోనే కలిసిపోయాయి.

వెల్లింగ్టన్ అన్న పేరు వింటేనే జనం ఆ దారిన టికెట్టు కొనడానికి వెనకాడే పరిస్థితి. 1910 అక్టోబరులో కంపెనీ స్టేషనుకు లోయలోని నది పేరు పెట్టి 'టై' అంది. చరియ పడిన చోట పట్టాల మీదుగా 2,463 అడుగుల పొడవున కాంక్రీటు మంచు షెడ్డు కట్టింది. షెడ్డు అంటే కొండ వైపు గట్టి గోడ, గోడ నుంచి లోయ వైపుకు వాలిన కప్పు. పైనుంచి వచ్చే చరియ కప్పు మీదుగా జారి లోయలో పడితే, కింద రైలు సాగిపోతుంది. లైను పొడవునా మరికొన్నిచోట్ల కలపతో షెడ్లు కట్టారు. కలప షెడ్లకు నిప్పు భయం, ఏటేటా మరమ్మతు. ఒకచోట కప్పితే చరియ ఇంకోచోట పడేది. 1916 జనవరిలో కొరియా అనే స్టాపు దగ్గర మళ్లీ ఒక ప్యాసింజరు రైలు మీద చరియ పడి ఎనిమిదిమంది చనిపోయారు. షెడ్లు కట్టుకుంటూ పోతే ఆఖరికి కొండంతా కప్పాల్సివస్తుందని ఇంజనీర్లకు తెలిసొచ్చింది.

మిగిలిన మార్గం ఒక్కటే: మంచు పడే ఎత్తు కిందికి రైలును దించడం. 1925 డిసెంబరులో కొత్త సొరంగం పని మొదలైంది. పొడవు 7.79 మైళ్లు, అంటే పన్నెండున్నర కిలోమీటర్లు. అంత పొడవున్న సొరంగాన్ని మూడేళ్లలో పూర్తిచేయడానికి ఒక ఉపాయం చేశారు. అసలు సొరంగానికి సమాంతరంగా ముందు ఒక సన్నటి సొరంగం తవ్వుకుంటూ పోయి, దానిలోంచి పక్కకు అడ్డదారులు తీసి, పెద్ద సొరంగాన్ని ఒకేసారి చాలాచోట్ల తవ్వారు. 1929 జనవరి 12న ప్రారంభోత్సవం. అప్పటికి అధ్యక్షుడిగా ఎన్నికై పదవి చేపట్టబోతున్న హెర్బర్ట్ హూవర్ ప్రసంగంతో సహా ఆ వేడుక రేడియోలో దేశమంతా వినిపించింది. ఈ లైను పాతదానికన్నా సుమారు అయిదువందల అడుగుల దిగువన కొండ దాటుతుంది, దూరమూ తగ్గింది. ఉత్తర, దక్షిణ అమెరికాల్లో అరవై ఏళ్లపాటు దీన్ని మించిన రైలు సొరంగం లేదు.

ఆ రేడియో వేడుక టై ఊరికి ఆఖరి రోజు. కొత్త సొరంగం పడమటి మూతి సీనిక్ దగ్గర, లోయ అడుగున ఉంది. పైన కొండవాలులో ఉన్న ఊరితో ఇక రైలుకు పని లేదు. రైలు తప్ప ఆ ఊరికి వేరే బతుకూ లేదు. గనులు లేవు, పొలాలు లేవు, సంత లేదు. ఉద్యోగులు బదిలీ అయ్యారు, పట్టాలు పీకి పట్టుకుపోయారు, కట్టడాలు కూలిపోయాయి. కరవుతోనో వరదతోనో ఖాళీ అయిన ఊళ్లలో వెళ్లలేక ఉండిపోయిన ముసలివాళ్లో, తిరిగి వచ్చిన కుటుంబాలో కనిపిస్తాయి. కంపెనీ పెట్టి కంపెనీ తీసేసిన ఇలాంటి ఊళ్లలో అది కూడా ఉండదు.

ఇదే కథ సరిహద్దుకు అవతల కెనడాలోనూ నడిచింది. కెనడియన్ పసిఫిక్ రైల్వే సెల్కర్క్ పర్వతాల్లో రోజర్స్ పాస్ దగ్గర ఇలాంటి ఊరునే పెట్టింది. వెల్లింగ్టన్ ప్రమాదం జరిగిన మూడో రోజున, 1910 మార్చి 4 రాత్రి, అక్కడ పట్టాల మీద పడ్డ ఒక చరియను తొలగిస్తున్న పనివాళ్ల మీద ఎదుటి కొండ నుంచి ఇంకో చరియ పడింది. 58 మంది పోయారు. వాళ్లలో సగానికి పైగా జపాన్ నుంచి వచ్చిన కూలీలు. ఆ కంపెనీ కూడా 1916లో కొండ కింద కనాట్ సొరంగం తెరిచి కనుమను వదిలేసింది, ఆ ఊరూ ఖాళీ అయింది. 1980ల చివర అదే చోట తెరిచిన 14.7 కిలోమీటర్ల మౌంట్ మెక్‌డొనాల్డ్ సొరంగమే పొడవులో కాస్కేడ్ సొరంగాన్ని దాటేసింది.

ఖాళీ అయిన అరవై ఏళ్లకు వెల్లింగ్టన్‌ను అడవి కప్పేసింది. వాలు మీద చెట్లు మళ్లీ దట్టంగా పెరిగాయి. 1980ల చివర స్వచ్ఛంద సేవకులు, అమెరికా అటవీ శాఖ కలిసి పాత పట్టాల దారిని తుప్పల్లోంచి వెదికి, కాలిబాటగా మలిచే పని మొదలుపెట్టారు. లైనుకు నూరేళ్లు నిండిన 1993లో బాట మొదటి భాగం తెరుచుకుంది. గ్రేట్ నార్తర్న్ రైల్వే చిహ్నం కొండమేక కావడంతో దానికి 'ఐరన్ గోట్ ట్రెయిల్' అని పేరు పెట్టారు. పాత లైను మీది బాట కావడంతో ఎక్కుడు చాలా మెల్లగా ఉంటుంది. కొంత భాగం చక్రాల కుర్చీలో కూడా వెళ్లేలా చదునుచేశారు. సియాటిల్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు లెవెన్‌వర్త్ చూడ్డానికో, స్టీవెన్స్ పాస్‌లో మంచు ఆటలకో వెళ్లే రెండో నంబరు హైవే ఈ లోయలోంచే పోతుంది. పాత ఊరికి మలుపు కనుమ దగ్గరే ఉంటుంది.

బాట వెంట వెళితే ముందు కనిపించేది కాంక్రీటు షెడ్డు. కింద పట్టాలు లేవు, మట్టిదారి మాత్రమే. స్తంభాల మధ్యనుంచి లోయ వైపు వెలుతురు పడుతుంటుంది, గోడల మీంచి నీళ్లు కారుతుంటాయి. రైళ్లు నిలిచిన చోట లోయ మీదికి ఒక చెక్క వేదిక కట్టి, జరిగింది రాసిన పలకలు పెట్టారు. కింద తుప్పల్లో ఇప్పటికీ వంగిన ఇనుప కడ్డీలు, తుప్పుపట్టిన రేకులు అక్కడక్కడా కనిపిస్తాయి. పాత సొరంగం మూతి ఊరి అంచునే ఉంది. కప్పు రాళ్లు ఊడిపడటం, లోపల నీళ్లు కట్టుకుని ఒక్కసారిగా తన్నుకురావడం వంటి ప్రమాదాలు ఉండటంతో లోపలికి వెళ్లొద్దని హెచ్చరికలు పెట్టారు. చలికాలంలో ఈ బాట దగ్గరికి ఎవరూ రాకూడదు. చరియలు పడే చోటు ఇప్పటికీ చరియలు పడే చోటే.

దిగువన కొత్త సొరంగం పనిచేస్తూనే ఉంది. 1956లో కరెంటు తీసేసి డీజిల్ ఇంజన్లు నడపడంతో పాతకాలపు పొగ సమస్య మళ్లీ తలెత్తింది. తూర్పు మూతికి తలుపు, పెద్ద ఫ్యాన్లు బిగించి దాన్ని సరిచేశారు. ఒక్కో రైలు వెళ్లాక తలుపు మూసి, ఫ్యాన్లు తిప్పి, పన్నెండున్నర కిలోమీటర్ల పొగను ఊదేస్తారు. ఆ గాలి శుభ్రపడిన తర్వాతే ఇంకో రైలుకు సిగ్నలు. సియాటిల్, షికాగోల మధ్య తిరిగే ప్యాసింజరు రైలు ఆ దారినే వెళుతుంది. హిల్‌ను జనం పిలుచుకున్న 'ఎంపైర్ బిల్డర్' అన్న బిరుదే దాని పేరు.